కేబుల్ తీసేయాలా, ఉంచాలా: బెంగళూరులో తెలుగు ఇంటి లెక్క

మీ ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో ముందు అది తేల్చుకోండి, ధరల సంగతి తర్వాత చూద్దాం. కేబులో డిష్షో తీసేసి ఓటీటీలకు మారదామనుకునేవాళ్లు మొదట అడిగేది "నెలకు ఎంత మిగులుతుంది?" అని. నిజం చెప్పాలంటే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు, కొన్ని ఇళ్లలో ఎదురు ఖర్చు పెరుగుతుంది కూడా. మారతహళ్లిలో గది తీసుకుని ఉండే బ్యాచిలర్‌కి హాయిగా సరిపోయిన పద్ధతి, కేఆర్ పురంలో అత్తమామలతో కలిసి ఉండే ఇంట్లో పెడితే వారం తిరక్కుండానే కేబుల్ అతనికి మళ్లీ ఫోన్ చేయాల్సి వస్తుంది. తేడా డబ్బులో లేదు, టీవీ ముందు కూర్చునే మనుషుల్లో ఉంది.

తెలుగు ఇళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది, అది హిందీవాళ్లకు అంతగా తెలియదు. మన చానళ్లు నాలుగు కంపెనీలవి, కాబట్టి యాప్‌లూ నాలుగే. స్టార్ మా సీరియళ్లు, బిగ్‌బాస్ కావాలంటే జియోహాట్‌స్టార్. జీ తెలుగుకు జీ5. జెమిని వాళ్లది సన్ నెక్స్ట్. ఈటీవీ వాళ్లది ఈటీవీ విన్. ఆహా సంగతి వేరు, దానికి చానల్ లేదు, 2020లో తెలుగు కోసమే మొదలైన యాప్ అది. ఇక నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ ఎటూ ఉండనే ఉన్నాయి, థియేటర్లో ఆడి వెళ్లిపోయిన పెద్ద సినిమాల్లో సగం వాటిలోకే వెళ్తున్నాయాయె. ఒక సినిమా ఓటీటీ హక్కులు ఒకరి దగ్గర, టీవీ హక్కులు ఇంకొకరి దగ్గర ఉండటం మామూలే. అంటే ఇంట్లో నాన్నకు ఈటీవీ కామెడీ, అమ్మకు జీ తెలుగు సీరియల్, పిల్లలకు కార్టూన్లు, మీకు కొత్త సినిమా కావాలంటే నాలుగు చోట్ల డబ్బు కట్టాలి. కేబుల్‌లో సినిమా తప్ప మిగతావన్నీ ఒకే తీగలో వచ్చేస్తాయి.

కేబుల్ బిల్లు నిజానికి ఎంత ఉండాలి

ఇక్కడ చాలామంది చూడని మూడో దారి ఒకటుంది: తీసేయడం కాదు, తగ్గించుకోవడం. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం అమల్లోకి వచ్చినప్పటి నుంచి ప్రతి చానల్ ధర విడిగా చూపించాలి, మనకు కావలసినవి మాత్రమే ఎంచుకునే హక్కు మనకుంది. అప్పట్లో స్టార్ మా, జీ తెలుగు, జెమిని తలా 19 రూపాయలు, ఈటీవీ 17. నాలుగూ కలిపి 74. దాని మీద నెట్‌వర్క్ ఫీజు, అంటే చానళ్లను ఇంటిదాకా చేర్చినందుకు ఆపరేటర్ తీసుకునేది, అప్పటి గరిష్ఠ పరిమితి ప్రకారం 130, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. వెరసి 240 రూపాయలు. మొదట వంద చానళ్లకున్న ఆ 130 రూపాయల ఫీజును తర్వాత 2020లో రెండు వందల చానళ్లకు వర్తింపజేశారు, 2024 జూలైలో ఆ ఫీజు మీద పరిమితే ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు మీ ఆపరేటర్ ఎంత వేస్తున్నాడో బిల్లులో చూసుకోవాలి. చానళ్ల ధరలూ అప్పటి నుంచి మారుతూనే వచ్చాయి. అయినా 350, 400 కట్టే ఇల్లు ఒకసారి బిల్లు తెరిచి చూస్తే, అందులో ఎవరూ పెట్టని చానళ్లు ఎన్నో కనపడతాయి.

బెంగళూరులో ఇది మరీ ఎక్కువ. ఇక్కడ కేబుల్ అతనైనా డిష్ వాళ్లయినా మొదట అంటగట్టేది కన్నడ ప్యాకే, అది సహజం. తెలుగు కావాలంటే దాని మీద తెలుగు ప్యాక్ అదనంగా వేస్తారు. కన్నడ చానళ్లు మీ ఇంట్లో చూస్తే మంచిదే, పిల్లలకు భాష వస్తుంది కూడా. చూడకపోతే మాత్రం రెండు ప్యాకులకూ కడుతున్నట్టే. "నాకు ఈ నాలుగు చానళ్లు, ఒక స్పోర్ట్స్, ఒక కార్టూన్ విడివిడిగా కావాలి, ప్యాక్ వద్దు" అని అడగండి. డిష్ అయితే కంపెనీ యాప్‌లోనే మార్చుకోవచ్చు. కేబుల్ అయితే మొదట "అలా కుదరదు మేడమ్, సిస్టమ్ తీసుకోదు" అంటారు, రెండోసారి అడిగితే కుదురుతుంది. కొన్నిసార్లు విడివిడిగా తీసుకోవడం కంటే చిన్న ప్యాకే చవక పడుతుంది, కాబట్టి రెండు లెక్కలూ వేయించుకోండి. బిల్లు 250కి దిగిందంటే ఇక కేబుల్ తీసేయడంలో పొదుపు అనే మాటకే అర్థం లేదు, వేరే కారణం ఉంటేనే తీయండి.

ఓటీటీ బిల్లు ఎక్కడ పెరుగుతుంది

ఏ ఒక్క యాప్ ధర చూసినా భయమేయదు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ఇండియాలో రేట్లు తగ్గించినప్పుడు ఫోన్ ప్లాన్ 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649 అయ్యాయి. ప్రైమ్ ఏడాదికి 1,499. హాట్‌స్టార్, జియోసినిమా కలిసిపోయి 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్‌గా వచ్చినప్పుడు రెండు పరికరాల్లో చూసే సూపర్ ప్లాన్ మూడు నెలలకు 299, ఏడాదికి 899. ఇవి ఆయా సమయాల రేట్లు, కట్టే ముందు యాప్ తెరిచి ఇవాళ్టి రేటు చూసుకోండి, వీటికి స్థిరం అంటూ లేదు. ఈ లెక్కన నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ఏడాదికి 2,388, ప్రైమ్ 1,499, జియోహాట్‌స్టార్ 899, మొత్తం 4,786. నెలకు 400. ఇందులో ఇంకా జీ తెలుగు లేదు, జెమిని లేదు, ఈటీవీ లేదు, ఆహా లేదు. హాల్లో పెద్ద టీవీ ఉందని నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్‌కి వెళ్తే అది ఒక్కటే ఏడాదికి 5,988.

దీనికి ఉన్న మందు తెలిసిందే, ఎవరూ వాడరు: అన్నీ ఏడాది పొడవునా ఉంచుకోకూడదు. నెట్‌ఫ్లిక్స్‌లో చూడాలనుకున్నవి రెండు మూడు పోగైనప్పుడు ఒక నెల కట్టి, శని ఆదివారాల్లో చూసేసి ఆపేయాలి. ఐపీఎల్‌కు మూడు నెలల ప్లాన్, బిగ్‌బాస్‌కు ఇంకో మూడు నెలలు. ఏడాది ప్లాన్ అనేది రోజూ చూసే ఒక్క యాప్‌కే. ప్రైమ్ సామాన్ల డెలివరీకి ఎలాగూ తీసుకుంటాం కాబట్టి దాన్ని టీవీ లెక్కలో వేయకపోయినా పర్వాలేదు. ఇలా ఒకటి పెట్టి ఒకటి తీసే ఓపిక ఉన్నవాళ్లకు ఓటీటీ కచ్చితంగా చవక. లేనివాళ్లకు ఆటోపే కోత మొదలవుతుంది, మూడు నెలలు ఎవరూ తెరవని యాప్‌కి కూడా డబ్బు పోతూనే ఉంటుంది. డబ్బు కట్ అయ్యే ముందు రోజు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, మనమే ఓటీపీలూ ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో దాన్ని చూడం. యాప్ లోపల క్యాన్సిల్ బటన్ వెతకడం కష్టమైతే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటుకు వెళ్లండి, ఎవరెవరికి ఏం పోతోందో వరసగా కనపడుతుంది, అక్కడే ఆపేయొచ్చు.

యాడ్స్ ఉండవు కదా అని మారేవాళ్లకు ఒక మాట. ఆ రోజులు పోయాయి. ప్రైమ్ వీడియోలో 2025 జూన్ నుంచి యాడ్స్ వస్తున్నాయి, అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 అన్నారు. జియోహాట్‌స్టార్ చవక ప్లాన్లలో యాడ్స్ ఉంటాయి. యూట్యూబ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్రీమియం తీసుకోకపోతే భజన మధ్యలో కూడా యాడే.

ఊళ్లో అమ్మానాన్నలకూ మనకూ ఒకే అకౌంట్ అనుకునేవాళ్లు కూడా చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలై నుంచి ఇక్కడ ఒక అకౌంట్ ఒకే ఇంటికి అని గట్టిగా పట్టుకుంది. ప్రైమ్‌లో టీవీల మీద పరిమితి వచ్చింది, రెండు టీవీలకు మించి కుదరదు. ఒంగోలులో ఒకటి, ఇక్కడ ఒకటి అంటే అక్కడితో సరి.

లైవ్ దగ్గరే అసలు తేడా

సినిమాలు, సిరీస్‌ల విషయంలో ఓటీటీతో కేబుల్ పోటీ పడలేదు, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మంచి ప్రింటు, కావలసిన భాష, మధ్యలో ఆపి టీ పెట్టుకుని వచ్చే సౌకర్యం. సీరియళ్లు కూడా ఒకసారి అలవాటైతే యాప్‌లోనే సుఖం, మిస్సయిన ఎపిసోడ్ ఎప్పుడైనా చూడొచ్చు, కొన్ని టీవీలో కంటే ముందే యాప్‌లో వచ్చేస్తాయి.

వార్తలకు కేబుల్ అవసరం దాదాపు లేదు. టీవీ9, ఎన్‌టీవీ, ఏబీఎన్, టీవీ5, వీ6, అన్నీ యూట్యూబ్‌లో లైవ్ ఉచితంగా ఇస్తున్నాయి. తిరుమల నుంచి ఎస్‌వీబీసీ కూడా యూట్యూబ్‌లో వస్తుంది, పొద్దున్నే సుప్రభాతం పెట్టుకునే ఇళ్లకు అది చాలు. టీవీ కేవలం వార్తలకూ భక్తికీ ఆడే ఇల్లయితే ఓటీటీ కూడా అక్కర్లేదు, మంచి ఇంటర్నెట్, యూట్యూబ్ ఉంటే సరిపోతుంది.

క్రికెట్ దగ్గర మాత్రం ఆలోచించాలి. ఫోన్లోనో స్మార్ట్ టీవీలోనో వచ్చే లైవ్ కాస్త వెనకబడి వస్తుంది. కారణం సాంకేతికమే: వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను రకరకాల క్వాలిటీల్లో తయారుచేసి, సర్వర్ల మీదుగా పంపుతారు, మన యాప్ మళ్లీ కొన్ని ముక్కలు ముందుగా పోగేసుకుని అప్పుడు ఆడిస్తుంది, లేకపోతే ఆగి ఆగి వస్తుంది కాబట్టి. డిష్‌కి సిగ్నల్ భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున్న శాటిలైట్ దాకా పోయి రావాలి, అయినా ఆ ప్రయాణానికి పట్టేది సెకనులో పావు వంతే. అందుకే పక్కింట్లో డిష్ ఉండి మీ ఇంట్లో యాప్ ఉంటే వికెట్ పడ్డ సంగతి మీకు ముందు గోడ అవతలి నుంచి తెలుస్తుంది. ఇది వేరే ఊళ్లో అయితే సర్దుకోవచ్చు. ఆర్‌సీబీ ఊళ్లో కష్టం. 2025 జూన్ 3న ఐపీఎల్ ఫైనల్ చివరి ఓవర్లో మా వీధిలో అరుపులు మొదలయ్యేసరికి యాప్‌లో చూసేవాళ్లకు ఇంకా బౌలర్ పరిగెత్తుకొస్తూనే ఉన్నాడు. గోల వినపడకుండా కిటికీలు మూసుకుని చూసేవాళ్లు కూడా ఉన్నారు, నవ్వకండి, పనిచేస్తుంది.

క్రికెట్ పిచ్చి ఇండియా మ్యాచ్‌ల వరకే అయితే డీడీ ఫ్రీ డిష్ అని ఒకటుంది, నెల ఫీజు లేదు, బాక్సు, గొడుగు ఒకసారి కొనుక్కుంటే అంతే. జాతీయ ప్రాధాన్యం ఉన్నవని గుర్తించిన మ్యాచ్‌ల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007 చట్టం చెబుతుంది, ఇండియా ఆడే వన్డేలూ టీ20లూ దాని కిందకొస్తాయి. కానీ ఆ ప్రసారం దూరదర్శన్ సొంత ఫ్రీ డిష్‌లోనే, ప్రైవేటు కేబుల్ మీద వచ్చే డీడీ చానల్లో కాదు, 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలిన విషయం ఇది. ఐపీఎల్‌కు ఈ చట్టం వర్తించదు. తెలుగులో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఉంటాయి, మన నాలుగు పెద్ద వినోద చానళ్ల కోసం మాత్రం దీన్ని నమ్ముకోకండి.

వాన, కరెంటు, ఇంటి ఓనరు

బెంగళూరులో ఈ మూడూ చూడకుండా ఏదీ తీసుకోకూడదు.

డిష్‌కి ఆకాశం కావాలి. మన శాటిలైట్లు బెంగళూరు నుంచి చూస్తే దక్షిణానికీ తూర్పుకీ మధ్య ఉంటాయి, కంపెనీని బట్టి దిక్కు కాస్త అటూ ఇటూ. మీ ఫ్లాట్ బాల్కనీ ఉత్తరం వైపో, ఎదురుగా ఇంకో ఇరవై అంతస్తుల టవరో ఉంటే డిష్ మాట మర్చిపోండి, టెర్రస్ మీద పెట్టుకోనిస్తారేమో అసోసియేషన్‌ను అడగాలి. గోడకు డ్రిల్లింగ్ అంటే ఓనరు ఒప్పుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రాలకు అడ్వాన్సులో కోస్తారు. పదకొండు నెలల అగ్రిమెంట్లతో ఇళ్లు మారే జనానికి ఓటీటీ ఈ ఒక్క కారణానికే సగం గెలిచేసింది, టీవీకి గుచ్చి ఓటీటీ యాప్‌లు ఆడించే స్టిక్ తీసి జేబులో వేసుకుంటే అయిపోయే.

జోరు వానకు డిష్ సిగ్నల్ పోతుంది, కాసేపటికి అదే వస్తుంది. ఇంటర్నెట్ అలా కాదు. మే నెల గాలివానకు కొమ్మ విరిగి కేబుల్ మీద పడితే, లేదా చెట్ల మీదుగా వేలాడే తీగలను సిబ్బంది వచ్చి కత్తిరించేస్తే, ఒక పూట కాదు, ఒక్కోసారి రెండు రోజులు. అప్పుడు ఇంట్లో ఆఫీసు పనీ లేదు, టీవీ కూడా లేదు.

కరెంటు పోయినప్పటి సంగతి ఎవరూ ముందు అడగరు. యూపీఎస్ ఉంటే టీవీ, డిష్ బాక్సు నడుస్తాయి, ఎవరితోనూ పనిలేదు. ఇంటర్నెట్‌కు మీ రౌటర్ యూపీఎస్ మీద ఉంటే చాలదు, కొన్ని కంపెనీల స్విచ్ బాక్సు అపార్ట్‌మెంట్ సెల్లార్లోనో వీధి చివర ఇంట్లోనో ఉంటుంది, దానికీ కరెంటు ఉండాలి. కనెక్షన్ తీసుకునేటప్పుడు వచ్చిన కుర్రాణ్ని "మీ బాక్సుకి బ్యాకప్ ఉందా?" అని అడగండి. లేదా మీ పై ఫ్లాటువాళ్లను అడగండి, వాళ్లు నిజం చెబుతారు.

స్పీడ్ గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారమే ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా తింటుంది, రోజుకు ఐదు గంటలు ఆడినా నెలకు 450 జీబీ, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు అది లెక్కలోది కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద మాత్రం టీవీ నడపాలనుకోకండి. స్పీడ్ ఉన్నా గిరగిరా తిరుగుతుంటే తప్పు కంపెనీది కాకపోవచ్చు, రౌటర్ గుమ్మం దగ్గర, టీవీ అవతలి గోడకు, మధ్యలో రెండు గోడలు. వీలైతే టీవీకి లాన్ వైరు లాగించండి, లేదా 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి, రౌటర్‌ను కాస్త దగ్గరికి జరపండి.

రిమోట్

ఇది చిన్న విషయం అనుకుంటారు, మా ఇంట్లో మాత్రం నిర్ణయం చేసింది ఇదే. మా అత్తయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, టీవీ వైపు చూడకుండానే, బొటనవేలితో మూడు అంకెలు నొక్కుతారు, సీరియల్ వచ్చేస్తుంది. ఆ రిమోట్ మీద అంకెలు అరిగిపోయి చాలా కాలమైంది. అదే పని యాప్‌లో చేయాలంటే: రిమోట్ మార్చాలి, హోమ్ నొక్కాలి, పది డబ్బాల్లో సరైన డబ్బా వెతకాలి, అది తెరిచాక "ఎవరు చూస్తున్నారు" అని మొహాల బొమ్మలు చూపిస్తుంది, అందులో తనది ఎంచుకోవాలి, పొరపాటున పిల్లాడిది నొక్కితే సీరియలే కనపడదు, సరైనది నొక్కినా ముందు ఏదో కొత్త సిరీస్ ట్రైలర్ ఢామ్మని మొదలవుతుంది, దాన్ని దాటి కిందికి వెళ్లి, సీరియల్ పేరు మీద నొక్కితే ఒక యాడ్. అప్పటికి కుక్కర్ విజిల్ వేస్తుంది. మధ్యలో యాప్ అప్‌డేట్ అడిగినా, లాగిన్ పోయి ఓటీపీ అడిగినా నాకు ఆఫీసుకు ఫోన్ వస్తుంది.

దీన్ని చాలావరకు సరిచేయొచ్చు. పెద్దవాళ్లు చూసే యాప్‌ను హోమ్ స్క్రీన్‌లో మొదటి డబ్బాగా పెట్టి, వాడనివన్నీ దాచేయండి. ప్రొఫైల్ ఒక్కటే ఉంచండి. టీవీ ఆన్ చేయగానే స్టిక్ వచ్చేలా సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టి పాత రిమోట్ కళ్లకు కనపడకుండా దాచండి, రెండు రిమోట్లు ఉంటేనే గందరగోళం. రిమోట్‌లో మైకు ఉంటే తెలుగులో సీరియల్ పేరు చెబితే పట్టుకుంటుంది, ఇది వాళ్లకు నచ్చుతుంది కూడా, టీవీతో మాట్లాడటం. టీవీ బాగా పాతదైతే దాని సొంత స్మార్ట్ యాప్‌ల మీద ఆధారపడకండి, కొన్నేళ్లకు అవి అప్‌డేట్లు ఆగి మూలపడతాయి, హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే చాలు, ఒక స్టిక్ కొనడం మంచిది. ఇవన్నీ చేశాక కూడా ఆ మూడు అంకెల సుఖం రాదు. డెబ్బై దాటిన మనిషి రోజుకు ఐదు గంటలు చూసే వస్తువును, మనకు నెలకు వంద రూపాయలు మిగులుతాయని మార్చడం నాకైతే నచ్చదు.

మరి ఎవరికి ఏది

పీజీలోనో షేరింగ్ ఫ్లాట్‌లోనో ఉండే కుర్రాళ్లకు కేబుల్ దండగ, ఆలోచించే పనే లేదు. ముందు మీ ఫోన్ రీఛార్జ్‌తోనో బ్రాడ్‌బ్యాండ్‌తోనో ఏ ఓటీటీలు ఉచితంగా వస్తున్నాయో చూడండి, ఇప్పటికే ఉన్నదానికి మళ్లీ విడిగా కట్టేవాళ్లు బోలెడంత మంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం, రాత్రి తొమ్మిదికి గానీ టీవీ ముఖం చూడరు, ఇంట్లో చిన్నపిల్లలు: తీసేయండి. ప్రైమ్, దానితో పాటు మార్చి మార్చి ఒక యాప్, యూట్యూబ్. మీ ఖర్చు కేబుల్ కంటే కాస్త ఎక్కువే కావచ్చు, కానీ మీరు చూసేదానికే కడుతున్నారు.

పెద్దవాళ్లు ఇంట్లోనే ఉంటే కేబుల్ ఉంచండి, ప్యాక్ తగ్గించండి, దాని పక్కన మీకోసం ఒక ఓటీటీ. రెండూ కలిపి 450 దాటనివ్వకుండా చూసుకోవచ్చు. పెద్దవాళ్లు ఏడాదిలో మూడు నాలుగు నెలలే ఇక్కడ ఉండి మిగతా కాలం ఊళ్లో ఉంటే డిష్ నయం, వచ్చినప్పుడు రీఛార్జ్, వెళ్లాక లేదు. ఈ కిటుకు కేబుల్ అతని దగ్గర అంత సులువుగా నడవదు.

రెంటికీ మధ్యలో బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలే ఇచ్చే సెట్‌టాప్ బాక్సులున్నాయి. ఒకే బిల్లులో ఇంటర్నెట్, టీవీ చానళ్లు, కొన్ని ఓటీటీలు. జియో ఎప్పటి నుంచో ఇస్తోంది, ఎయిర్‌టెల్ 2025 మార్చిలో ఐపీటీవీ అని, అంటే ఇంటర్నెట్ తీగ మీదే టీవీ చానళ్లు, మొదలుపెట్టింది, అప్పుడు 699 నుంచి ప్లాన్లు. గొడుగు అక్కర్లేదు, రిమోట్ మీద అంకెలుంటాయి, పెద్దవాళ్లకు కాస్త అలవాటైన పద్ధతే. కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్లకు నేను మొదట చూడమనేది ఇదే. చూసుకోవలసినవి రెండు: మీకు కావలసిన తెలుగు చానళ్లు ఆ ప్లాన్లో ఉన్నాయా, పేరుపేరునా అడగండి, "300 పైచిలుకు చానళ్లు" అనే మాటకు విలువ లేదు. రెండోది, నెట్ పోతే అన్నీ పోతాయి, నచ్చక కంపెనీ మారితే అన్నీ కలిపి మారాలి.

తీసేసే ముందు

ఈ నెల రీఛార్జ్ అయిపోయాక వెంటనే చేయించకండి, అలాగే వదిలేసి చూడండి. డిష్ ప్రీపెయిడ్ కాబట్టి దానంతటదే ఆగుతుంది, కేబుల్ అతనికి ఊరెళ్తున్నామని చెబితే సరిపోతుంది. నెల తిరిగేలోపు ఇంట్లో ఎవరు ఏం అడిగారో మీకే తెలుస్తుంది. "మన టీవీ ఎప్పుడొస్తుంది?" అని రెండోసారి అడిగారంటే రీఛార్జ్ చేసేయండి, వాదించకండి. ఐపీఎల్ నడుస్తున్నప్పుడూ, పండగ నెలల్లోనూ ఈ ప్రయోగం వద్దు, సంక్రాంతికి, దసరాకు టీవీలో వేసే కొత్త సినిమా కోసం ఇంటిల్లిపాదీ కూర్చునే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

నిజంగానే ఆపేస్తుంటే బాక్సు అద్దెదో సొంతదో పాత రసీదులో చూడండి. అద్దెదైతే తిరిగిచ్చి, డిపాజిట్ కట్టి ఉంటే అడిగి వెనక్కి తీసుకోండి, ఇచ్చినట్టు వాట్సాప్‌లో ఒక మెసేజ్ అయినా పెట్టించుకోండి. సొంతదైతే అమ్మకానికి పెట్టి ప్రయోజనం లేదు, ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకి పనికిరాదు కాబట్టి ఎవరూ కొనరు. కార్డు లోపలే ఉంచి, అడాప్టరూ రిమోటూ బాక్సుకే రబ్బరుబ్యాండుతో కట్టి అటక మీద పెట్టండి. రిమోట్‌లో సెల్స్ మాత్రం తీసేయండి, కారిపోతాయి.